హమ్మయ్య, మనవాళ్ళు లేరు

2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో మా ఇంట్లో టీవీ పెట్టుకుని అన్నానికి కూర్చోబోతుంటే కింద స్క్రోలింగ్‌లో కంటకాపల్లి అని వచ్చింది. విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ-పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దేసింది. పలాస ప్యాసింజర్ అనగానే అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. మా అక్క కొడుకు గాజువాకలో పని చేస్తున్నాడు, దసరాకి సెలవు దొరకలేదు, ఈ ఆదివారం సాయంత్రం బండికి వస్తానన్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే స్విచాఫ్. అక్కకి ఫోన్ కలిపితే తను కాసేపు మాట్లాడి, తర్వాత మాట మానేసి ఊరికే ఊపిరి పీలుస్తోంది, ఆ చప్పుడు ఒక్కటే నా చెవిలో.

నలభై నిమిషాల తర్వాత ఎవరిదో నంబరు నుంచి వాడే చేశాడు. బండి అందలేదట, బస్సెక్కాడట, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి పక్కన నిలబడ్డ ఎవరినో ఫోన్ అడిగాడట, తన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందట. అమ్మ "హమ్మయ్య" అంది. నేనూ అన్నాను. అక్క ముందు ఏడ్చింది, తర్వాత వాణ్ణి ఛార్జర్ గురించి తిట్టింది. టీవీ కట్టేశాం. ఆ రోజు బెండకాయ పులుసు. నేను రోజూ కంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాను. పడుకోగానే నిద్ర కూడా పట్టేసింది.

ఆ ప్రమాదంలో 14 మంది పోయారు. అంటే ఆ రాత్రి మనలాగే ఫోన్ చేస్తూ కూర్చున్న ఇళ్ళలో 14 ఇళ్ళకి వేరే నంబరు నుంచి ఫోన్ రాలేదు, లేక వచ్చినా అది పోలీసులదో ఆసుపత్రిదో అయి ఉంటుంది. ఈ మాట నాకు తట్టింది మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే. అంతవరకూ తట్టనే లేదు.

దానికి అయిదు నెలల ముందు, జూన్ 2న, ఒడిశాలో బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పడిపోయినప్పుడు ఇంకా ఘోరం. 290 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి మన ఛానళ్ళన్నీ అడిగింది ఒకటే, బండిలో తెలుగువాళ్ళు ఎంతమంది? నేనూ అదే వెతికాను. మా వీధిలో ఎవరూ ఆ బండిలో లేరని తెలిశాక నాకు అదొక వార్త, అంతే. 290 అనే అంకెకి కదలని గుండె ఒక్క స్విచాఫ్ ఫోన్‌కి దడదడలాడింది. గుండెకి లెక్కలు రావు అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, నిజానికి దానికి లెక్కలు బాగానే వచ్చు, మనవాళ్ళని ఒక ఖాతాలోనూ మిగతా లోకాన్ని ఇంకో ఖాతాలోనూ రాసుకుంటుంది.

ఇంతకీ మనవాళ్ళంటే ఎవరు? సోంపేట నుంచి చూస్తే ఒడిశాలోని బరంపురం దగ్గర, శ్రీకాకుళం దూరం. ఇచ్ఛాపురం దాటితే భాష మారుతుంది గానీ పెళ్ళి సంబంధాలు మారవు. మా ఊళ్ళో రోగమొస్తే బరంపురం పెద్దాసుపత్రికి పరిగెత్తిన వాళ్ళు ఎంతమందో. అయినా టీవీ తెలుగువాళ్ళు ఎంతమంది అని అడిగితే నేనూ గీత ఇచ్ఛాపురం దగ్గరే గీసేశాను.

తెలియనివాళ్ళ బాధకి మనం బాధపడాలా అని ఎవరైనా అడిగితే మా బావ దగ్గర రెడీగా సామెత ఉంటుంది: తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం. బావ చెన్నైలో ఏసీ మెకానిక్‌గా చేసేవాడు, ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ తాగుతూ గంట సేపు వాదించాడు. "రోజూ పొద్దున్న లేస్తే ఫోన్లో ఎక్కడో భూకంపం, ఎక్కడో యుద్ధం, ఎవడో పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెడుతుంటాడు. అందరికీ ఏడుస్తా కూర్చుంటే మన పని ఎవుడు సేస్తాడ్రా? ఏడ్చినోడి కన్నీళ్ళతో ఆళ్ళకి ఏటైనా ఒరిగిందా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే నేను ఫోన్ చూసి కళ్ళు తుడుచుకునే రకం, బావ అలాంటివి వస్తే పైకి తోసేసే రకం, మరి రోడ్డు మీద మనిషి పడి ఉన్నప్పుడు ఆగకుండా వెళ్ళిపోయింది నేనే.

ఆ సంగతి చెప్పేస్తాను, ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. టెక్కలి దాటాక హైవే మీద. సాయంత్రం, సన్నగా జల్లు. రోడ్డు పక్కన ఒక బండి పడి ఉంది, మనిషి కొంచెం దూరంలో బోర్లా పడి ఉన్నాడు, చుట్టూ పది పన్నెండు మంది. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. ఇద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారే, సరిగ్గా అదే గుర్తొచ్చింది, వాళ్ళని మనసులో తిట్టుకున్నాను కూడా. తిట్టుకుంటూ బండి స్లో చేసి, ఇంతమంది ఉన్నారు కదా ఎవరో ఒకరు 108కి చేసే ఉంటారు అనుకుని, మళ్ళీ గేరు మార్చాను. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి, సాక్షి అంటారు, వాయిదాలంటారు, ఆ టెన్షన్ ఎవడు పడతాడు అని కూడా అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రి నేను పడ్డ బాధ మామూలు బాధ కాదు. ఆయన బతికాడో లేదో తెలియదు. నా బాధ ఆయనకి ఎందుకూ పనికిరాలేదని మాత్రం తెలుసు.

తర్వాత చదివితే తెలిసింది, నాకు వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదేనట. 1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు సైకాలజీవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు, మధ్యలో ఒక గొంతు మూర్ఛ వచ్చినట్టు తడబడి సాయం అడుగుతుంది. వింటున్నది తనొక్కడే అనుకున్నవాళ్ళలో ఆ గొంతు ఆగేలోపే నూటికి 85 మంది లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో అలా లేచింది 31 మందే. లేవనివాళ్ళు రాతిగుండె మనుషులేం కాదు, చాలామంది చేతులు వణికిపోతూ కూర్చున్నారట. జాలి ఉంది, కాళ్ళే కదల్లేదు. నా కథే.

పోలీసుల భయం కూడా పాతదే, ఇప్పుడు అంత అక్కర్లేదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 134ఏ అనే సెక్షనే పెట్టారు. గాయపడ్డవాణ్ణి సాయం చేద్దామని ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడి మీద కేసు పెట్టడానికి లేదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యడానికి లేదు, ఇష్టమైతేనే సాక్షి. మన రాష్ట్రంలో 108 వచ్చింది 2005లో. ఇవన్నీ ఉండగా నేను గేరు మార్చాను. చట్టం తెలియక అనుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది, అందుకని అలా అనుకోవడం లేదు.

ఇక మా అత్త సంగతి. బావ వాళ్ళమ్మ. కంచిలి మండలంలో హైవేకి ఆనుకుని ఉంటుంది వాళ్ళ ఇల్లు. 2020 వేసవి గుర్తుందా, మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌన్‌తో బళ్ళూ బస్సులూ ఆగిపోయి, చెన్నై నుంచీ మన కోస్తా నుంచీ ఒడిశా వాళ్ళు, బెంగాల్ వాళ్ళు, బీహార్ వాళ్ళు అదే హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళారు. అత్తకి వాళ్ళంటే వొళ్ళు మంట. "ఈళ్ళు ఎక్కడి రోగం అట్టుకొస్తన్నారో ఏటో ఓలమ్మా" అని రోజంతా గొణుగుడే. మామయ్యకి మందులిచ్చి రావడానికి మాస్కు కట్టుకుని నేను వెళ్ళిన రోజున గేటు బయట ఒక ముక్కాలి పీట, దాని మీద పెద్ద తపేలా నిండా చోడి (రాగి) అంబలి, పక్కన ప్లేటులో ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, పచ్చిమిర్చి. ఎవరైనా రాగానే అత్త గబగబా వెనక్కి అరుగు మీదకి వచ్చేసి, "దూరం దూరం, తాగేసి ఎల్లిపోండి నాయనా" అని కేకలు. వాళ్ళకి తెలుగు రాదు. కేకలు విని బెదిరిపోయేవారు, ఒకడు గ్లాసు కింద పెట్టేసి దండం పెట్టాడు కూడా. "తాగమంటన్నాను గాని పొమ్మంటన్నానేటి" అని మళ్ళీ దానికో కేక.

అప్పుడు అడిగాను, అంత భయమైతే ఎందుకు అత్తా ఇదంతా అని. జాలేసింది అంటుందేమో అనుకున్నాను, అలాంటి సమాధానమే నాకు కావాలి కూడా, ఎందుకంటే నా దగ్గర అది బోలెడంత ఉంది. అత్త మాత్రం నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "మీ బావ సెన్నైలో ఉన్నాడు గదరా. ఆడికి అక్కడ ఎవులో ఒకులు ఎట్టాలా వద్దా? సేబదులు అనుకో."

చేబదులు. పక్కింటికి వెళ్ళి గ్లాసెడు పంచదార తెచ్చుకుంటాం, కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, గడువు కూడా ఉండదు. అత్త లెక్కలో ఒడిశాలోని భద్రక్‌కి నడిచిపోతున్న కుర్రాడికి ఇచ్చింది చెన్నైలో ఎవరో తమిళావిడ బావకి తీరుస్తుంది. ఆవిడకి ఈవిడెవరో తెలియదు. ఖాతా మధ్యలో ఎక్కడ తెగినా అడిగేవాడు లేడు. ఇది మా జిల్లావాళ్ళకే బాగా తడుతుందేమో, ఎందుకంటే మా వాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరికి పరాయివాళ్ళే. హైదరాబాదులో తాపీపని, చెన్నైలో ఏసీలు, సముద్రం మీద బతికేవాళ్ళైతే గుజరాత్ వేరావల్ బోట్లు. అదే 2020లో మా తీరం కుర్రాళ్ళు వేల మంది వేరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోయి, ఏప్రిల్ నెలాఖరుకి గానీ బస్సుల్లో ఇంటికి బయల్దేరలేదు. వాళ్ళకి అక్కడ ఎవరు నీళ్ళిచ్చారో ఎవరు తలుపేసుకున్నారో మనకి తెలుసా?

అత్తది గొప్ప మనసు అని నేను అనడం లేదు, ఆవిడ వింటే నవ్వుతుంది. వాళ్ళ బాధ తనదిగా ఆవిడ అనుకోనే లేదు. నిజం చెప్పాలంటే వాళ్ళని మనుషుల్లా కంటే రోగం మూటల్లా చూసింది, అది నాకు నచ్చలేదు, అప్పుడే చెప్పాను కూడా. అయినా తపేలా ఖాళీ అయితే మళ్ళీ పొయ్యి మీద పెట్టింది, పదకొండు రోజులు, మా ఊరి కుర్రాళ్ళు టెంటు వేసేదాకా. నేను ఆ పదకొండు రోజుల్లో మందులివ్వడానికి వెళ్ళిన రోజు తప్ప ఇంట్లో కూర్చుని నడిచేవాళ్ళ వీడియోలు ఫార్వర్డ్ చేశాను. ఒకటి రెండు చోట్ల ఏడుపు బొమ్మ కూడా పెట్టాను.

తిత్లీ తుఫాను అప్పుడూ ఇంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గాలి, పొద్దున్నకి మా ప్రాంతం ఉద్దానంలో కొబ్బరి చెట్టన్నది నిలబడి లేదు. జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు, అది వేరే ఏడుపు. అప్పుడు వచ్చిన సాయం రెండు రకాలు చూశాను. ఒకటి వ్యాన్లలో వచ్చిన బట్టలు. పంపినవాళ్ళకి మా మీద నిజంగానే జాలేసి ఉంటుంది, కాదనను. మూట విప్పితే చంకలో చిరిగిన జాకెట్లు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఒక పెళ్ళి సూటు కోటు. నెల రోజులు ఆ గుట్ట రోడ్డు పక్కనే తడిసింది, చివరికి గేదెలు పడుకున్నాయి దాని మీద. రెండోది, వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటువాళ్ళు. మా వీధిలో దిగినవాళ్ళకి మా మీద ఏ జాలీ లేదు. దోమలు కుడుతున్నాయని తిట్టారు, కూరలో కారం తక్కువని తిట్టారు, ఇంటికి ఎప్పుడు పంపిస్తారో అని వాళ్ళ ఆఫీసర్ని తిట్టారు. తిడుతూనే వానలో స్తంభాలు నిలబెట్టారు. బల్బు వెలిగిన రాత్రి అమ్మ వాళ్ళకి టీ తీసుకెళ్తే అప్పటికే తర్వాతి వీధికి వెళ్ళిపోయారు.

అలాగని జాలి శుద్ధ దండగ అంటే అదీ ఒప్పుకోను. మామయ్య విషయంలో నాకు రెండూ కనిపించాయి.

మామయ్యకి రెండేళ్ళుగా డయాలసిస్. ఉద్దానంలో ఈ మాట చెబితే వివరం అడిగేవాళ్ళుండరు, ప్రతి వీధిలో ఒకరున్నారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కిడ్నీలు ఎందుకిలా పోతున్నాయో ఖాయంగా ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తాలు పట్టుకెళ్ళారు. వచ్చిన ప్రతివాళ్ళూ అయ్యో అన్నారు, ఫోటోలు తీసుకున్నారు. అప్పట్లో డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్, దాదాపు 200 కిలోమీటర్లు, వెళ్ళిరావడానికే సగం ప్రాణం పోయేది. తర్వాత ఇక్కడికే మిషన్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు. ఎవరో ఒకరికి ఎక్కడో జాలి పుట్టకపోతే మా ఊసు పేపర్లో కూడా వచ్చేది కాదు, పేపర్లో రాకపోతే ఇవేవీ వచ్చేవి కావు. ఆ మేరకి ఆ ఫోటోలకి నేనూ దండం పెడతాను.

మామయ్య మాత్రం పెట్టడు. వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటలు సూదుల మీద ఉండి వచ్చిన మనిషి. ఎడమ చేతి మీద ఫిస్టులా, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చోటు, నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ఒకసారి నా వేలు పట్టుకుని దాని మీద పెట్టించాడు, లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది, నేను చెయ్యి లాగేసుకుంటే నవ్వాడు. రోజుకి ఇన్ని నీళ్ళే అని లెక్క, స్టీలు గ్లాసుకి గోరుతో గీత గీసుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంటే ఆయనకి చిరాకు. "ఒరే అల్లుడా, నేను బతికుండగానే నా దినం భోజనానికి వచ్చినట్టు ముకాలెట్టుకుని వస్తారు. ఆళ్ళు ఏడుస్తుంటే ఊరుకోమని నేను ఓదార్చాలి. నాకు ఓపికేదిరా?"

ఆయనకి నచ్చిన మనిషి ఒకడే, ఆటో అబ్బాయి. వేరే ఊరివాడు, బేరానికి వస్తాడు, డబ్బులు లెక్క పెట్టి తీసుకుంటాడు, ఎలా ఉంది అని ఒక్కనాడు అడగలేదు. ఒక రోజు మామయ్యకి కాలు లేవక ఆటో ఎక్కడానికి ఇబ్బంది పడ్డాడు. తర్వాతి ట్రిప్పుకి ఆ అబ్బాయి ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఒక చిన్న చెక్కపీట తెచ్చి, ఆటో ఆగగానే కాలి కింద పెట్టాడు, ఎక్కాక తీసి సీటు కిందకి తోశాడు. మాటల్లేవు. అప్పటి నుంచీ ఆ పీట ఆటోలోనే ఉంటుంది. మొన్న చూశాను, దాని మీద జారకుండా సైకిలు ట్యూబు ముక్క కొట్టించాడు. ఆ అబ్బాయికి మామయ్య మీద జాలి ఉందా, ఇది బేరం పోకుండా చూసుకోవడమా? నేను అడగలేదు. మామయ్యకి ఆ ప్రశ్నే రాలేదు.

బావతో వాదన అక్కడ తెగలేదు. పీట సంగతి చెబితే, "అదే నేననేది, ఏడవకుండా పని సెయ్యి" అన్నాడు గెలిచినట్టు. కానీ పీట అవసరమని ఆ అబ్బాయికి తెలియాలంటే ఆ కాలు లేవడం లేదని ముందు చూడాలి కదా. చూడ్డం అనేది ఎక్కణ్ణుంచి వస్తుంది? బావ సిగరెట్ ముట్టించుకుని సమాధానం చెప్పలేదు, టీ డబ్బులు మాత్రం నన్ను ఇమ్మన్నాడు. హైవే మీద ఆ రోజు నేనూ చూశాను, చెప్పు లేని కాలు దాకా చూశాను, కాబట్టి చూస్తే చాలు అనడానికీ నాకు నోరు లేదు.

చెప్పులంటే గుర్తొచ్చింది. 2020లో అత్త ఇంటి ముందు అంబలి తాగిన ఆ భద్రక్ కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చెప్పు ఉంగటం తెగిపోయి ప్లాస్టిక్ కవరుతో కట్టుకున్నాడు. తారు రోడ్డు కాలిపోతోంది. మామయ్యకి ఒడియా వచ్చు కాబట్టి అరుగు మీద నుంచే మాట్లాడాడు, వాడికి ఇంకా 300 కిలోమీటర్ల పైనే ఉందని తేలింది. మామయ్య అయ్యో అని, చాలాసేపు అయ్యో అని, మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు అత్త గుమ్మం పక్కనున్న ఆయన కొత్త చెప్పుల జత కర్రతో ముందుకి తోసి, "అట్టుకుపో" అని కేకేసింది. కుర్రాడు తొడుక్కున్నాడు, ఒక అంగుళం పెద్దవి, అయినా తొడుక్కుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు, మళ్ళీ లాక్కుంటారేమో అన్నట్టు.

మామయ్య మూడు రోజులు అత్తతో మాట్లాడలేదు. ఇప్పటికీ డయాలసిస్‌కి బయల్దేరేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ అంటుంటాడు, "కొని నెల కూడా అవలేదు. నూట ఎనభై రూపాయలు." అత్త లోపల్నుంచి, "చేబదులుకి ఇచ్చాను, వస్తాయిలే" అంటుంది.